ఉచిత చిప్స్ పోకర్‌లో ఆసుల జత వచ్చినా ఓడిపోతున్నాను, ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):

అన్నలకి, అక్కలకి నమస్కారం. మాది కొమ్ముబొమ్మలు చేసే పని. రాత్రి కొట్టు కట్టేశాక ఒక గంట ఫోన్‌లో పోకర్ ఆడతాను. టెక్సస్ హోల్డెమ్ (చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు), తొమ్మిది మంది టేబుల్, అంతా ఉచిత చిప్సే. పదమూడు ముక్కలాట చిన్నప్పటి నుంచీ ఆడినవాణ్ణి, పేక నాకు కొత్త కాదు. అయినా ఆరు నెలలుగా చిప్స్ పోగొట్టుకోవడం, మర్నాడు యాప్ ఇచ్చినవి తీసుకుని మళ్ళీ కూర్చోవడం, ఇదే వరస. నిన్న రాత్రివి రెండు ఆటలు రాస్తున్నాను.

ఒకటి: బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టవలసిన పందేలు) 50, 100. నాకు ఆసుల జత. పందెం 200 చేశాను, నలుగురు వచ్చారు. ఆఖరికి ఎనిమిది, అయిదు పట్టుకున్నవాడు రెండు జతలతో కొట్టుకుపోయాడు.

రెండు: నా చేతిలో ఆటీను ఎనిమిది, ఏడు. ఫ్లాప్‌లో (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) రెండు ఆటీన్లు పడ్డాయి, ఒకే గుర్తువి అయిదు (ఫ్లష్) కావడానికి ఇంకొక్కటి చాలు. నాలుగో ముక్కకి ఏమీ రాలేదు. పాట్‌లో (అందరూ వేసిన మొత్తంలో) 800 ఉంటే అవతలివాడు 400 వేశాడు. ఇంకా తొమ్మిది ఆటీన్లు ఉన్నాయి కదా, నాలుగుతో గుణిస్తే 36 శాతం అనుకుని కాల్ చేశాను, అంటే నేనూ 400 కట్టాను. రాలేదు.

ఇంకొక మాట. పాతపట్నంలో మా బావ, డబ్బు పెడితేగానీ ఆట రాదు, లొకేషన్ మార్చి ఆడే యాప్ ఒకటి ఉంది, చేరు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు (బరంపురం నుంచి):

తమ్ముడూ, ఆసుల విషయంలో నీ తప్పు 200 దగ్గరే ఉంది. ఆసుల జత ఒక్కడి మీద, వాడి చేతిలో ఏదైనా ఉండచ్చు అనుకుంటే, సగటున 85 శాతం గెలుస్తుంది. అదే నలుగురు లోపలికి వస్తే 56 దగ్గరకి దిగిపోతుంది. జత బలం తగ్గలేదు, నువ్వు పిలిచిన జనం ఎక్కువయ్యారు. 100 కట్టినవాడికి ఇంకో వంద పెద్ద లెక్క కాదు కాబట్టి ఎనిమిది, అయిదువాడు కూడా వచ్చేశాడు. ఉచిత చిప్స్ టేబుల్ మీద 500, 600 చెయ్యి. అప్పటికీ ఒకరో ఇద్దరో వస్తారు, నీకు కావలసింది వాళ్ళే.

అన్ని ఓటముల్నీ తప్పుల కింద రాసుకోకు. ఆసుల జత 221 పంపకాలకి ఒకసారి వస్తుంది. అవతల రాజుల జత ఉన్నా అయిదింట దాదాపు ఒకసారి అది ఓడిపోతుంది. నేను బాగా ఆడానా లేదా అని పాట్ ఎవరికి పోయిందో చూసి తేల్చకు, పందెం వేసినప్పుడు ఏం తెలుసో దాన్నిబట్టి తేల్చు. నాకిది అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది, అందుకే గట్టిగా చెబుతున్నాను.

జవాబు (రాయగడ నుంచి):

నేను లెక్కల టీచర్ని, రెండో ఆట నాకు వదలండి.

తమ్ముడూ, నాలుగుతో గుణించడం ఫ్లాప్ దగ్గర, ఇంకా రెండు ముక్కలు రావలసి ఉన్నప్పుడు. అదీ మధ్యలో మళ్ళీ డబ్బు కట్టనక్కర్లేకుండా, ఉన్నదంతా పెట్టేసినప్పుడే సరిగ్గా పనికొస్తుంది. అప్పుడు తొమ్మిది ముక్కలకి 35 శాతం. నువ్వున్నచోట ఒకే ముక్క మిగిలింది, రెండుతో గుణించాలి. అసలు లెక్క కూడా చూడు: 52లో నీ చేతిలో రెండు, బల్ల మీద నాలుగు, నీకు తెలియనివి 46. అందులో తొమ్మిది నీవి. 20 శాతం కూడా లేదు.

ఇప్పుడు ధర. పాట్ 800, వాడి 400 కలిపి 1,200. నువ్వు 400 కడితే మొత్తం 1,600. నాలుగో వంతు కడుతున్నావు కాబట్టి నీకు 25 శాతం అవకాశం ఉండాలి. లేదు.

అంతటితో ఆపి ముక్కలు పడెయ్యమంటే సగం జవాబే అవుతుంది. ఇదే ఆట 46 సార్లు ఆడావనుకో. 37 సార్లు 400 చొప్పున 14,800 పోతుంది. తొమ్మిది సార్లు 1,200 చొప్పున 10,800 వస్తుంది. లోటు 4,000. దాన్ని తొమ్మిది గెలుపులకి పంచితే 444 చిల్లర. అంటే ఆటీను పడ్డాక అవతలివాడి దగ్గర నుంచి సగటున ఇంకో 450 దాకా రాబట్టగలిగితే కాల్ చెయ్యచ్చు. కాబట్టి అక్కడ చూడవలసింది వాడి ముందున్న చిప్స్. 200 మిగిలి ఉంటే ఆలోచించకుండా పడెయ్. 2,000 ఉండి, వాడు జత దొరికితే వదలని రకమైతే వెళ్ళు. నీది ఎనిమిది పెద్దగా ఉన్న ఫ్లష్ అని మాత్రం మరవకు, అంతకన్నా పెద్ద ఆటీన్లు రెండు పట్టుకున్నవాడు ఉంటే ముక్క పడినా నష్టం నీకే.

జవాబు (గుణుపురం నుంచి):

బావ మాట వినకు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. నడిపేవాళ్ళకి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆంధ్రలో అయితే 2020లోనే ఆపేశారు. చట్టం రాకముందు నేను ఒక యాప్‌లో లొకేషన్ మార్చి 6,000 పెట్టాను. గెలిచి తీసుకుందామంటే చిరునామా కాగితం అడిగి ఖాతా మూసేశారు. అడగడానికి నాకు నోరెక్కడిది? ఆ డబ్బు మా పాప ట్యూషన్‌కి దాచింది. ఉచిత చిప్స్‌తోనే ఆట బాగా వస్తుంది, వదలకు.

ప్రశ్నించినవారు:

అక్కా, ఆ లెక్క కాగితం మీద వేసుకుని చూశాను, ఇప్పుడు తెలిసింది. బావకి రానని చెప్పేశాను. ఒక సందేహం. ఉచిత చిప్స్‌తో బ్లఫ్ చేస్తే (మంచి చెయ్యి లేకుండా ఉన్నట్టు పందెం వేస్తే) ఎవడూ పడెయ్యడు, మరి నేర్చుకోవడం ఎలాగ?

జవాబు (బరంపురం నుంచి):

పడెయ్యనివాడి మీద బ్లఫ్ ఎందుకు? పాట్‌లో సగం వేసి బ్లఫ్ చేస్తే మూడింట ఒకసారి వాడు పడెయ్యాలి, పాట్ అంత వేస్తే రెండింట ఒకసారి. అప్పుడే సరికి సరి. మీ టేబుల్‌లో అది జరగదు. మంచి చెయ్యి వచ్చినప్పుడు గట్టిగా వెయ్యి, వాళ్ళే కడతారు.

నీకు పదమూడు ముక్కలాట వచ్చు కాబట్టి అందులోంచే చెబుతాను. ముక్కలు బాగులేకపోతే మొదట్లోనే డ్రాప్ చేసి 20 పాయింట్లతో బయటపడతావు. మధ్యలో అయితే 40, ఆఖరిదాకా ఉంటే 80. పోకర్‌లోనూ మొదట్లో పడేసేదే చవక. పది చేతుల్లో ఏడెనిమిది పడెయ్. బటన్ (పంచేవాడి గుర్తు) దగ్గర కూర్చుంటే ఫ్లాప్ తర్వాత నీ మాట ఆఖరున వస్తుంది, అందరూ ఏం చేశారో చూసి ఆడతావు. అక్కడ కొంచెం చెయ్యి వదులు చేసుకోవచ్చు. బ్లైండ్స్ తర్వాత అందరికన్నా ముందు మాట చెప్పవలసిన చోట కూర్చున్నప్పుడు మాత్రం గుర్తు కలవని ఆసు, తొమ్మిది లాంటివి వద్దు. ఆసు పడినా, అవతలివాడి చేతిలో ఆసు, రాజు ఉంటే నీ తొమ్మిది దేనికీ అక్కరకి రాదు.

ఒక నోట్‌బుక్ పెట్టు. రాత్రికి మూడు ఆటలు చాలు. ఎక్కడ కూర్చున్నావు, పాట్ ఎంత, వాడు ఎంత వేశాడు, నువ్వు ఏమనుకుని కట్టావు. ఎవరు గెలిచారో రాయకు. మర్నాడు పొద్దున్న చదువుకో.

ప్రశ్నించినవారు (మూడు వారాల తర్వాత):

నోట్‌బుక్‌లో 50 ఆటలు దాటాయి. ఎక్కువ చిప్స్ పోయినవన్నీ బ్లైండ్స్ నుంచి చిన్న ముక్కలతో వెళ్ళినవే. అది నాకు ఇన్నాళ్ళూ కనబడలేదు. మొన్న ఆసులు వస్తే 600 చేశాను, ఇద్దరే వచ్చారు, గెలిచాను. జాకీల జత మాత్రం తేలట్లేదు. ఫ్లాప్‌లో ఎప్పుడూ రాణో రాజో పడుతున్నాది.

జవాబు (రాయగడ నుంచి):

పడుతుంది తమ్ముడూ. జాకీల జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో రాణి, రాజు, ఆసు, వీటిలో ఒకటైనా పడే అవకాశం 57 శాతం. ఒక్కడే ఎదురుగా ఉంటే పాట్‌లో మూడో వంతు వేసి చూడు, తిరిగి పెంచితే వదిలెయ్. ముగ్గురున్నప్పుడు చెక్ చెయ్యి (పందెం వెయ్యకుండా దాటించు), పెద్ద పందెం వస్తే పడెయ్. ఈసారి జాకీలు వచ్చినప్పుడు ఎంతమంది ఉన్నారో, పాట్ ఎంతో రాసి ఇక్కడ పెట్టు, కలిసి లెక్క చూద్దాం.