టమాటా నారు వాలిపోయింది. మళ్లీ మడిలో పోయాలా, ట్రేలు కొనాలా?

కాశీనగర్ రైతు:
నమస్తే అండి. మాది పర్లాకిమిడి దగ్గర, కాశీనగర్ వైపు. వినాయక చవితి వారంలో 30 సెంట్లకి టమాటా నారు పోశాను. మడి నేలమట్టానికే చేసి గింజ చల్లాను. మొలక నిండుగా వచ్చింది. తర్వాత మూడు రోజులు ముసురు. నాలుగో రోజు పొద్దున్న చూస్తే మడి మధ్యలో పళ్లెమంత మేర మొక్కలు వాలి ఉన్నాయి. ఒకటి పీకి చూశాను. ఆకు పచ్చగానే ఉంది, మట్టి దగ్గర కాడ మాత్రం నానిపోయి దారంలా సన్నబడింది. సాయంత్రానికి పళ్లెం కాస్తా చాటంత అయింది. పోయినేడు నర్సరీలో కొన్న నారు కూడా నాటిన నెలకి నిలువునా వాడిపోయింది. ఇంకోసారి నష్టపోతే తట్టుకోలేను. డబ్బు తక్కువే. ఏం చెయ్యమంటారు?

గుణుపురం నారుమడి:
అన్నా, అది నారుకుళ్లు. విత్తనం తప్పు కాదు. నీళ్లు నిలిచి, మొక్కలు ఒత్తుగా ఉంటే మట్టిలో ఉన్న తెగులు రేగుతుంది. నిలబడి ఉన్న మొక్కలకి ఈరోజే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడిసేలా పొయ్యండి. వాలినవి ఇక లేవవు.

ట్రేల సంగతి చెప్తాను, నేను పోసేది వాటిలోనే. 60×45 సెంటీమీటర్ల ఎడంతో మీ 30 సెంట్లకి దాదాపు 4,500 మొక్కలు పడతాయి. 98 గుంతల ట్రేలు, మొలవనివి కూడా లెక్కేస్తే, 50 కావాలి. ట్రేకి కిలో పైచిలుకు కొబ్బరిపొట్టు. ఖర్చే. కానీ నాటేటప్పుడు వేరు తెగదు, పొట్టుతో పాటు ముద్దగా ఊడి వస్తుంది. మడిలోంచి పీకిన మొక్క రెండు మూడు రోజులు తల వేలాడేసి గానీ తేరుకోదు.

మొదటిసారి పొట్టు కడగకుండా నింపాను. దానిలో ఉప్పు ఉంటుందని తెలియదు, ఆకుల అంచులు మాడిపోయాయి. ఇప్పుడు మంచినీళ్లలో రెండు మూడుసార్లు నానబెట్టి పిండుతున్నా. గుప్పెట్లో నొక్కితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. గింజ వేశాక ట్రేలు పేర్చి పాలిథిన్ కప్పుతాం. మూడో రోజు నుంచి రోజూ తీసి చూడండి. మెడ వంచుకున్న మొలక కనపడగానే ట్రేలు కిందికి దించి పరిచెయ్యాలి. ఒక్కరోజు ఆగినా కాడలు పాలిపోయి సాగిపోతాయి.

పాతపట్నం కూరగాయలు:
డబ్బు తక్కువంటున్నారు కాబట్టి ఎత్తు మడి చాలండి. మీటరు వెడల్పు, జానెడు ఎత్తు, వేరే చోట. గింజ చల్లకండి, నాలుగు వేళ్ల ఎడంతో గీతలు గీసి పల్చగా వెయ్యండి. వెదురు బద్దలు వంచి, వాన పడుతున్నప్పుడే షీటు కప్పండి. వాన ఆగగానే తీసెయ్యాలి, లేకపోతే లోపలి ఉక్కకే కుళ్లు వస్తుంది.

కాశీనగర్ రైతు:
ఎత్తు మడే పోస్తాను. ట్రేలు పది మాత్రం కొని నేర్చుకుంటాను. మరి పోయినేడు వాడిపోయినది కూడా ఇదేనా?

గుణుపురం నారుమడి:
కాదన్నా, ఆ చేనులోనే నాటేటట్టయితే ఇది ముఖ్యం. అలా వాడిన మొక్క కాడ కోసి గాజు గ్లాసులో నీళ్లలో వేలాడదీస్తే, కోసిన చోటు నుంచి పాలలాంటి తీగ దిగుతుందేమో చూడాలి. దిగితే బాక్టీరియా ఎండు తెగులు. అది నేలలోనే ఉండిపోతుంది. నారు ట్రేలో పోసినా, మడిలో పోసినా ఆగదు. అక్కడ టమాటా, వంగ, మిరప వద్దు. తప్పదంటే తెగులు తట్టుకునే వంగ మొదలు మీద అంటు కట్టిన టమాటా నారు తెచ్చుకోండి. పోయినేడు ఏ చేనులో నాటారు?

కాశీనగర్ రైతు:
అదే చేనన్నా. ఈసారి పైగట్టు మీద పొలం చెక్కలో నాటుతాను. అక్కడ ఇప్పటిదాకా వరి తప్ప ఏమీ వెయ్యలేదు.