అప్‌డేట్: మా అమ్మాయి తలనొప్పికి, చూపు మసకబారడానికి కారణం తెలిసింది

వంగి లేచినప్పుడల్లా కొన్ని సెకన్లపాటు చూపు మసకబారుతోందని, రోజూ తలనొప్పితోనే నిద్ర లేస్తోందని 14 ఏళ్ల మా అమ్మాయి గురించి నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ, ముఖ్యంగా కళ్లద్దాల పవర్ మళ్లీ చూపించడం కాదు, చుక్కలు వేయించి కంటి వెనుక భాగాన్ని పరీక్ష చేయించమని పట్టుబట్టిన వారికి కృతజ్ఞతలు.

ఆ పరీక్షలోనే రెండు కళ్లలోనూ కంటి నరం మొదలు దగ్గర వాపు ఉన్నట్లు తేలింది. ఎమ్మారైలో కణితి గానీ, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం గానీ కనిపించకపోవడంతో నడుము దగ్గర సూది గుచ్చి వెన్నుద్రవ పీడనం కొలిచారు: 34 సెంటీమీటర్లు (నీటి మట్టం లెక్కలో). లావుగా ఉన్న పిల్లల్లో 28 దాటితే ఎక్కువగా లెక్కిస్తారట. స్పష్టమైన కారణం లేకుండా మెదడు చుట్టూ ద్రవ పీడనం పెరిగే ఈ జబ్బుకు, యుక్తవయసులో అధిక బరువుతో గట్టి సంబంధం ఉందని, అశ్రద్ధ చేస్తే చూపు శాశ్వతంగా పోవచ్చని న్యూరాలజిస్టు చెప్పారు. అప్పటికి తన బరువు 82 కిలోలు. ఎదిగే పిల్ల, బొద్దుగా ఉంటే ఏమిటని వెనకేసుకొచ్చింది నేనే.

ఆ పీడనం తగ్గించే ఎసిటజోలమైడ్ మాత్రలు మొదలుపెట్టాక వేళ్లు చిమచిమలాడుతున్నాయని, గోలీసోడా చప్పగా ఉందని అమ్మాయి విసుక్కునేది (ఆ రకంగా సోడా మానడం మంచిదే అయింది). బరువు 75కు దిగింది, తలనొప్పి పోయింది, గత వారం తీసిన ఓసీటీలో (కంటి వెనుక పొరల స్కాన్) వాపు చాలావరకు తగ్గింది.

అప్పుడు ఇక్కడ కొందరు ప్రస్తావించిన ఫోను, సైనస్, నీలికాంతిని ఆపే అద్దాలు, వీటిలో దేనికీ ఈ జబ్బుతో సంబంధం లేదని తేలింది. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతోందా అని ఒకరు అడిగారు. అదీ పీడనం పెంచగలదట గానీ, తను వాడలేదు.