మార్క్ 2 అంబాసిడర్‌కి ఇసుజు ఇంజిన్ వేస్తే అది ఇంకా పాత బండేనా?

సుంకి ఘాట్ (జయపురం): అందరికీ నమస్కారం. నాన్నగారి 1972 మార్క్ 2కి టింకరింగ్, పెయింటు అయిపోయాయి. పని ఇంజిన్ దగ్గర ఆగింది. పాత 1489 సీసీ ఇంజిన్‌ని ఇదివరకే బోరు చేయించారు, అంటే అరిగిన సిలిండర్లని తొలిచి పెద్దవి చేయించారు. మళ్ళీ బోరు చేస్తే గోడ మిగలదు, స్లీవులు (సిలిండర్ లోపల బిగించే కొత్త గొట్టాలు) వేయాల్సిందే అంటున్నాడు మేస్త్రీ. ఈలోగా విజయనగరంలో ఒక అంబాసిడర్ 1800 తుక్కుకి వెళ్తుంటే దాని ఇసుజు పెట్రోలు ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు చేతికొచ్చాయి. వేసేద్దామా? అమ్మని తరచూ విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తిరిగొచ్చేటప్పుడు సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతోంది. పంపు మీద తడిగుడ్డ వేసి, వెనక లారీల వాళ్ళ తిట్లు వింటూ కూర్చోవాలి.

పర్లాకిమిడి: వేసెయ్ గురూ. అమ్మగారి కంటే ఇంజిన్ ఎక్కువా?

బరంపురం మార్క్2: వేయొద్దు తమ్ముడూ. వేస్తే మాత్రం దాన్ని 1972 బండి అనకు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధన చదువుకో. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. నీ బండికి వయసు సరిపోయింది, 20,000 కడితే ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు వస్తుంది, పదేళ్ళు చెల్లుతుంది. ఇసుజు వేసిన రోజునే ఆ దారి మూసుకుపోతుంది. పైగా ఆ బాక్సు గేరు రాడ్ కిందనుంచి వస్తుంది. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్ పోతే ముందు సీట్లో ముగ్గురు ఎలా కూర్చుంటారు?

సుంకి ఘాట్: ముందు సీట్లో ముగ్గురిని ఎక్కించే రోజులు పోయాయి అన్నగారూ. వింటేజ్ నంబరు తీసుకుంటే ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు కొట్టించుకోవడానికో, రిపేరుకో తప్ప బయటికి తీయకూడదని అదే నిబంధనలో ఉంది. నేను నడుపుకోవడానికి బండి అడుగుతుంటే మీరు బీరువాలో పెట్టుకునే బండి గురించి చెబుతున్నారు. ఇసుజు ఏమీ బయటిది కాదు. ఉత్తరపారా (బెంగాల్) ఫ్యాక్టరీలో అదే కంపెనీ, హిందుస్తాన్ మోటార్స్, 90ల్లో అదే బాడీలో పెట్టి అమ్మింది.

బరంపురం మార్క్2: అదే కంపెనీ కావచ్చు. అదే బండి మాత్రం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒకసారి చూడు. అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే ఆర్సీకే ఎసరు.

ఫ్లాపీ డబ్బా (రాయగడ): ఈ గొడవ పాత కంప్యూటర్ ఆటలవాళ్ళం, మాకు పాతదే. 1990 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియాని నేనిప్పుడు లాప్‌టాప్‌లో డాస్‌బాక్స్ (పాత డాస్ ఆటల్ని కొత్త కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాము) పెట్టుకుని ఆడుతున్నాను. అవే పన్నెండు లెవెళ్ళు, అదే అరవై నిమిషాల గడువు, గచ్చు పలక కూలితే అదే గుండె దడ. ఫ్లాపీలు ఎప్పుడో బూజు పట్టి చచ్చాయి. దేనిలో నడిస్తేనేం, ఆట ఆటే కదా. ఇంజిన్ ఏదైనా అంబాసిడర్ అంబాసిడరే.

గుణుపురం 486: డాస్‌బాక్స్‌ది ఆట కాదు, ఆట ఫొటో. నా దగ్గర ఆ కాలం 486 కంప్యూటర్ ఇంకా బతికే ఉంది. కొన్ని పాత ఆటలు ప్రాసెసర్ వేగాన్ని బట్టే పరిగెడతాయి. అందుకే డబ్బా మీదుండే టర్బో బటన్ నొక్కి వేగం తగ్గించి ఆడేవాళ్ళం. డాస్‌బాక్స్‌లో ఆ బటన్ చూపించు.

ఫ్లాపీ డబ్బా: కంట్రోల్ ఎఫ్11 కొట్టు, వేగం తగ్గుతుంది. అయినా టర్బో నొక్కితే వేగం పెరుగుతుందిరా, తగ్గదు. పేరే టర్బో.

గుణుపురం 486: మా దాంట్లో నొక్కితే తగ్గుతుంది. డబ్బా మీద వేగం చూపించే 66 అంకె 33కి పడిపోవడం కళ్ళతో చూస్తున్నాను.

ఫ్లాపీ డబ్బా: మీ దాంట్లో ఎవడో వైరు తిప్పి పెట్టాడు. ఆ అంకె దాని వెనక జంపర్లు (చిన్న కనెక్షన్ తొడుగులు) ఎలా పెడితే అలా వెలుగుతుంది, అది వేగం కొలవదు.

బరంపురం మార్క్2: ఆటలవాళ్ళు వేరే చోట కొట్టుకోండయ్యా. ఆటని కాపీ చేస్తే రెండవుతుంది. ఇంజిన్‌ని కాపీ చేసి చూపించండి.

సునాబెడ టర్నర్: అందరూ ఇంజిన్ మీదే పడ్డారు, రోగం సంగతి ఎవరూ అడగలేదు. జీవితమంతా లేతు మీద గడిపినవాణ్ణి, నాకు తోచింది చెబుతాను. ఘాట్‌లో ఆగేది ఇంజిన్ వల్ల కాదు. పంపు ఇంజిన్‌కి అతుక్కుని ఉంటుంది, వేడికి లోపల పెట్రోలు ఆవిరై గొట్టంలో గాలి బుడగలా అడ్డుపడుతుంది. తడిగుడ్డ వేస్తే చల్లారి మళ్ళీ ద్రవమవుతుంది, అంతే. వెనక ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్టి పెట్రోలుని ముందుకి తోయించండి. గొట్టాన్ని సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దూరంగా లాగండి. సగం బాధ తీరుతుంది.

రెండోది, ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. ఆ కాలం రబ్బరుకి అది పడదు. పంపు డయాఫ్రమ్, గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. కార్బురేటర్ విప్పి అడుగున చూడండి, నల్లటి రబ్బరు పొడి కనబడుతుంది. ఇసుజు వేసినా గొట్టాలు పాతవే ఉంచితే అదే గోల.

ఇక బ్లాకు. హెడ్ తీశాక సిలిండర్ లోపల గోడకి గోరు పెట్టి పై అంచు వైపు లాగండి. పిస్టన్ రింగు ఆగే చోట మెట్టు తగులుతుంది. గోరు తట్టుకుని ఆగిపోతోందంటే అరుగుదల గట్టిగానే ఉన్నట్టు. అప్పుడు స్లీవు వేసి మళ్ళీ స్టాండర్డ్ సైజుకి తేవచ్చు. అదేమీ బ్రహ్మవిద్య కాదు.

పర్లాకిమిడి: మాస్టారు ముందే రాసుంటే మా టైమ్ మిగిలేది.

సుంకి ఘాట్: థాంక్స్ మాస్టారూ, పంపు మారుస్తాను. అయినా ఇసుజు వైపే మనసు లాగుతోంది. బండి అంటే వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాలి. బరంపురం అన్నగారిని ఒక్కటడుగుతాను. మీ ఒరిజినల్ బండి ఎప్పుడైనా రోడ్డెక్కగా చూశారా ఎవరైనా? ఫొటోల్లో ఎప్పుడూ అదే షెడ్డు, అదే టార్పాలిన్.

బరంపురం మార్క్2: అనేశావుగా. నా బండి ఎందుకు కదలదో నీకు తెలియదా? ఒక షెడ్డువాడు హెడ్ బోల్టులు ఇష్టమొచ్చినట్టు బిగించి బ్లాకు పగలగొట్టాడు. అప్పుడే నీకు ఫోన్ చేశాను. నీ బండి అప్పటికి ఇటుకల మీద ఉంది. ఇంజిన్ ఇస్తావా, నువ్వు చెప్పిన రేటుకే కొంటానన్నాను. “నాన్నగారి వస్తువు, ఇంట్లోంచి కదలదు” అన్నావు. గౌరవించి ఊరుకున్నాను. ఇప్పుడు అదే నాన్నగారి వస్తువుని విప్పి మూల పడేస్తానంటున్నావు. అప్పుడు లేని తుప్పు ఇప్పుడొచ్చిందా?

ఫ్లాపీ డబ్బా: ఓహో. ఇంతసేపు సెక్షన్ 52 అన్నది ఇందుకా.

సుంకి ఘాట్: మూల పడేస్తానని నేనెక్కడ రాశాను? గ్రీజు రాసి, గోనెపట్టా చుట్టి వరండాలో పెడతాను. ఆయన చేతి బిగింపులున్నాయి దాని మీద.

బరంపురం మార్క్2: నా బాధ అదే తమ్ముడూ. నువ్వు నడపవు, నడిపేవాడికి ఇవ్వవు. మార్క్ 2 ఇంజిన్లు చెట్టుకి కాయవు. ఉత్తరపారా 2014లో మూతపడింది. వరండాలో పెట్టేవాడు, టార్పాలిన్ కింద పెట్టానని నన్ను వెక్కిరించకూడదు.

గుణుపురం 486: ఈ విషయంలో బరంపురం గారికే నా ఓటు. నా 486కి కీబోర్డు కావాలని ఒకాయన్ని అడిగితే, ఎప్పుడూ వాడనిది, ‘జ్ఞాపకం’ అన్నాడు. దాని మీద పూలకుండీ పెట్టుకున్నాడు.

ఫ్లాపీ డబ్బా: నేను మాత్రం సుంకి వైపే. ఎవరి తండ్రి వస్తువు వాళ్ళది. పూలకుండీ పెట్టుకుంటాడో, పూజ చేసుకుంటాడో మీకెందుకు? అడిగారు, కాదన్నారు, అక్కడితో అయిపోయింది.

గుణుపురం 486: వస్తువు దేనిలో నడిస్తేనేం అన్నది నువ్వే. అలాంటప్పుడు నాన్నగారి ఇంజిన్ బరంపురంలో నడిస్తే ఏం పోయింది?

ఫ్లాపీ డబ్బా: ముందు నీ టర్బో వైరు సరిచేసుకో, తర్వాత లాజిక్ చెబుదువుగాని.

సునాబెడ టర్నర్: కొట్టుకుంటే కొట్టుకోండి గాని, ముందు ఆ బ్లాకుని వ్యాన్‌లో వేసి నా దగ్గరికి పంపండి. స్లీవు పడుతుందో లేదో కొలిచి చెబుతాను. పగుళ్ళుంటే మీరిద్దరూ పోట్లాడుకుంటున్నది ఇనుప ముక్క కోసం. బరంపురం గారూ, మీ పగిలిన బ్లాకు కూడా పంపండి. పగులు నీళ్ళ దారి వైపు ఉంటే లోహపు పిన్నులతో కుట్టొచ్చు.

బరంపురం మార్క్2: పంపుతాను. సుంకి తమ్ముణ్ణి హెడ్ కూడా వేసి పంపమనండి. హెడ్ లేకుండా బ్లాకు ఒక్కటే కొంటే నాకేం లాభం?

సుంకి ఘాట్: కొనడం అనే మాట ఇక్కడ ఎవరన్నారు?