గ్రీన్ బెల్ట్ వచ్చిన మా వాడు తోటి పిల్లవాణ్ణి తన్నాడు. కరాటే నిజంగా నడవడిక నేర్పుతుందా?

కృష్ణలంక అమ్మ:
మా బాబుకి పదకొండేళ్లు. మూడేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నాడు. చేర్పించినప్పుడు ఇచ్చిన కరపత్రంలో ‘క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం, గౌరవం’ అని పెద్ద అక్షరాలతో ఉంది. పోయిన నెల గ్రీన్ బెల్ట్ వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే స్కూల్లో వాటర్ బాటిల్ దగ్గర గొడవ పడి ఒక పిల్లవాణ్ణి కడుపులో తన్నాడు. ఆ బాబు రెండు రోజులు స్కూలుకి రాలేదు. వాళ్లమ్మకి ఫోన్ చేసి క్షమించమని అడుగుతుంటే నాకు గొంతు పెగల్లేదు. క్లాసులో ఈ సంగతి చెబితే, ‘స్కూల్లో జరిగినదానికి మాకేం సంబంధమమ్మా, వచ్చే గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) ఫీజు ఈ వారంలో కట్టేయండి’ అన్నారు.

తన్నడం నేర్పింది వాళ్లే కదా. ఎప్పుడు తన్నకూడదో నేర్పాల్సింది ఎవరు? ఈ విద్యల్లో విలువలు నిజంగా ఉన్నాయా, లేక పిల్లల్ని చేర్చుకోవడానికి చెప్పే మాటలా? మావారు మాన్పించేద్దామంటున్నారు. నాకు ఎటూ తేలడం లేదు.

గోదారి మాస్టర్:
అమ్మా, నేను పంతొమ్మిదేళ్లుగా కరాటే నేర్పుతున్నాను. మీకు వాళ్లిచ్చిన జవాబు తప్పు, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ తప్పు విద్యది కాదు. 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి కరాటేని జపాన్ అంతటికీ పరిచయం చేసిన గిచిన్ ఫునకోషి జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో బడిపంతులు. ఆయన చెప్పిన ఇరవై సూత్రాల్లో మొదటిది, కరాటే వందనంతో మొదలై వందనంతోనే ముగుస్తుందని. రెండోది, కరాటేలో మొదటి దెబ్బ మనది కాదని. పిల్లలు మొదట నేర్చుకునే కటాలకి, అంటే ఒంటరిగా చేసే దెబ్బల, అడుగుల వరుసలకి, ఆయన పెట్టిన పేరు ‘హెయాన్’, అంటే శాంతి.

మా దగ్గర ఎవరైనా బయట చెయ్యి చేసుకుంటే బెల్ట్ విప్పి నా దగ్గర పెట్టుకుంటాను. కొత్తగా చేరినవాళ్ల తెల్ల బెల్ట్ కట్టుకుని చివరి వరుసలో నిలబడాలి. దెబ్బ తిన్న పిల్లవాడి ఇంటికి వాడితో పాటు నేనూ వెళతాను. మాన్పించకండి, మాస్టర్ని మార్చండి.

పాత పుస్తకాలు:
మాస్టర్ గారూ, మీరు ఆ ఇంటికి వెళతారంటే సంతోషం. కానీ ‘తప్పు విద్యది కాదు’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఒకినావా బడుల్లోకి కరాటేని తెచ్చిన ఇతోసు 1908లో అధికారులకి పది అంశాలతో లేఖ రాశాడు. ఈ విద్య నేర్చిన పిల్లలు రేపు సైన్యానికి పనికొస్తారన్నది అందులో ఒక వాదన. మీరు శాంతి అంటున్న ఆ కటాలని బడిపిల్లల కోసం కూర్చింది కూడా ఆయనే, పేరు మాత్రం ఫునకోషి తర్వాత మార్చాడు. అంటే అదే విద్యని ఒకరు సైన్యం వైపు నడిపించారు, ఇంకొకరు శాంతి వైపు. గుప్పిట్లో ఏ విలువా పుట్టుకతో లేదు, పట్టుకున్నవాళ్లు పెట్టిందే.

ఇంకొకటి. నార్వేలో 11 నుంచి 13 ఏళ్ల మగపిల్లలు 477 మందిని రెండేళ్లు గమనించి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. బాక్సింగ్, కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్, తూర్పు దేశాల యుద్ధవిద్యలు నేర్చుకున్న పిల్లల్లో బయట కొట్లాటలు, అల్లరి పనులు పెరిగాయి. తగ్గలేదు. కాబట్టి ఈ అమ్మగారి భయం వట్టిది కాదు. వందనం చేయించినంత మాత్రాన గౌరవం వస్తుందంటే నేను నమ్మను.

టాటామీ:
అక్కా, నేను ఎనిమిదేళ్లు జూడో ఆడాను, జిల్లా, రాష్ట్ర పోటీలకి వెళ్లాను. నా అనుభవం కాస్త వివరంగా చెప్పాలి.

జూడోలో మొదటి నెలంతా నేను ఎవర్నీ పడెయ్యలేదు. పడటమే నేర్చుకున్నాను. గడ్డం గుండెకి ఆనించాలి, తల చాపకి తగలకూడదు, అరచేత్తో చాపని గట్టిగా చరచాలి. ఒళ్లంతా నొప్పులు, ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఆ తర్వాత పడెయ్యడం నేర్పారు. అందులో మా కోచ్ పట్టుబట్టిన విషయం ఒకటుంది. ఎదుటి అమ్మాయిని ఎత్తి వేసేటప్పుడు ఆమె చొక్కా చెయ్యి నా చేతిలోనే ఉండాలి, కిందపడే చివరి క్షణంలో పైకి లాగాలి. అప్పుడు ఆమె తల నేలకి తగలదు. ఆ చెయ్యి వదిలేస్తే ఎంత బాగా వేసినా కోచ్ మెచ్చుకునేవారు కాదు. ‘ఆ పిల్ల ఒళ్లు నీకు అప్పిచ్చింది, అప్పు తిరిగివ్వు’ అనేవారు.

జూడోని రూపొందించిన జిగోరో కానో 1882లో ఒక గుడిలో పన్నెండు చాపలు పరిచి కోడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టాడు. ఆయనా పంతులే. ఆయన పెట్టుకున్న సూత్రాల్లో ఒకటి, నువ్వూ నేనూ కలిసి బాగుపడదామని. దాన్ని గోడ మీద రాసుకుంటే సరిపోదు. చొక్కా చెయ్యి వదలకపోవడమే ఆ సూత్రం. అవతలి మనిషి ఇక చాలని చాపని రెండుసార్లు తట్టగానే పట్టు వదిలేస్తాం చూశారా, అదీ అంతే. రోజుకి ముప్ఫైసార్లు చేస్తే చెయ్యికి అలవాటైపోతుంది.

పుస్తకాల అన్నయ్య గారికి ఒక మాట. 1986లో అమెరికాలో నేరస్వభావం ఉన్న కుర్రాళ్లతో ఆరు నెలలు ఒక పరిశీలన చేశారు. ఒక జట్టుకి ధ్యానం, నీతి సూత్రాలతో కలిపి సంప్రదాయ తైక్వాండో (కొరియా యుద్ధవిద్య) నేర్పారు. రెండో జట్టుకి కొట్టడం మాత్రమే నేర్పారు. మూడో జట్టు పరుగులు పెట్టి, ఆటలు ఆడింది. మొదటి జట్టులో దుడుకుతనం తగ్గింది, రెండో జట్టులో పెరిగింది. నేర్పే పద్ధతి మారితే ఫలితం తలకిందులైంది.

కానీ మాస్టర్ గారూ, మనవాళ్ల తప్పు ఒకటి దాచలేను. 2013లో జపాన్ జాతీయ మహిళా జూడో జట్టు కోచ్ రాజీనామా చేశారు. కోచింగ్‌లో కొడుతున్నారని పదిహేను మంది క్రీడాకారిణులు ఫిర్యాదు చేశాక. కానో పుట్టిన దేశంలో! గౌరవం పేరుతో మేం నోరు మూసుకోవడం నేర్చుకుంటాం. నేనూ నేర్చుకున్నాను. ఒక క్యాంపులో మోకాలి నొప్పి అని చెప్పలేక ఆడి లిగమెంట్ తెంచుకున్నాను. కోచ్‌కి ‘కాదు’ అని చెప్పగలిగే పిల్లనే నేను క్రమశిక్షణ ఉన్న పిల్ల అంటాను.

కర్రసాము మనవడు:
మా తాతయ్య ఊళ్లో తాలింఖానా, అంటే సాము నేర్పే చోటు, నడిపేవాడు. పీర్ల పండక్కి, దసరాకి కర్రసాము చూపించేవారు. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఆరు నెలలు కర్ర ఇచ్చేవాడు కాదు. మట్టి తవ్వాలి, నీళ్లు చల్లాలి, పెద్దవాళ్లు ఆడుతుంటే చూడాలి. తాగి వస్తే గుమ్మం దగ్గరే వెనక్కి పంపేవాడు, సొంత కొడుకునైనా. బెల్టులు లేవు, ఫీజు లేదు. ఊరందరికీ ఆ కుర్రాళ్ల పేర్లు తెలుసు కాబట్టి బయట తప్పు చేస్తే సాయంత్రానికి తాతయ్యకి కబురు అందేది. ఇప్పుడు క్లాసు వేరే వీధిలో, స్కూలు వేరే ఊళ్లో. కబురు మోసేవాళ్లు లేరు.

పాత పుస్తకాలు:
టాటామీ గారూ, ఆ 1986 పరిశీలన నేనూ చదివాను. మొత్తం కలిపి 34 మంది కుర్రాళ్లు. దాని మీద పెద్ద మేడ కట్టలేం. అయినా మీ చొక్కా చెయ్యి మాట నన్ను ఆపింది. నేను విలువలంటే ఉపన్యాసాలనుకుని వాదిస్తున్నాను, మీరు చేతి పని గురించి చెబుతున్నారు. ఇది వేరే సంగతి, ఒప్పుకుంటున్నాను. కానీ మంచి కబడ్డీ కోచ్ కూడా ఇది నేర్పగలడు కదా? యుద్ధవిద్యకే ప్రత్యేకం ఏముంది?

టాటామీ:
నేర్పగలరు, కాదనను. తేడా ఒక్కటే. ఇక్కడ నేర్చుకునేదే మనిషిని దెబ్బ తీసే పని. దెబ్బ తీయగలిగిన చోట ఆపుకోవడం రోజూ సాధన చేస్తాం. కబడ్డీలో అది మధ్యలో వస్తుంది, ఇక్కడ పాఠమే అది.

గోదారి మాస్టర్:
తల్లీ, నోరు మూసుకోవడం గురించి నువ్వన్నది నాకు గట్టిగా తగిలింది. మా క్లాసులో పిల్లలు నన్ను ప్రశ్న అడగరు. అదే గౌరవమని ఇన్నాళ్లూ అనుకున్నాను. రేపటి నుంచి చివరి పది నిమిషాలు కింద కూర్చుని వాళ్ల మాట వింటాను. అమ్మా కృష్ణలంక గారూ, మీ బాబుకి జంటగా సాధన ఎలా చేయిస్తున్నారో ఒకసారి కనుక్కోండి.

కృష్ణలంక అమ్మ:
అందరికీ చాలా థాంక్సండి. మాస్టర్ గారు అడగమన్నది రాత్రి వాణ్ణి అడిగాను. ‘నీతో ప్రాక్టీస్ చేసే అబ్బాయికి దెబ్బ తగిలితే ఏం చేస్తార్రా?’ అని. ‘మాకు జంటగా ఉండదమ్మా. వరుసలో నిలబడి గాల్లో కొడతాం, గ్రేడింగ్‌లో కూడా అంతే’ అన్నాడు. మూడేళ్లలో వాడు ఒక్క మనిషిని కూడా ముట్టుకోలేదు. ఆ కాలు ఒకరి ఒంటికి తగలడం ఆ రోజే మొదటిసారి. కాసేపాగి, ‘అంత నొప్పి వస్తుందని నాకు తెలీదమ్మా, వాడికి ఊపిరి అందలేదు’ అని ఏడ్చాడు.

ఆ గ్రేడింగ్ ఫీజు కట్టడం లేదు. మావారితో మాట్లాడాను, మాన్పించడం మాత్రం వద్దనుకున్నాం. ఆదివారం ముగ్గురం కలిసి ఆ బాబు ఇంటికి వెళుతున్నాం. టాటామీ చెల్లీ, విజయవాడలో పిల్లలకి మొదట పడటం నేర్పే జూడో క్లాసు ఎక్కడైనా ఉంటే చెప్పమ్మా. రెండు సాయంత్రాలు పక్కన కూర్చుని చూశాకే చేర్పిస్తాను.