మురుగు పంపులకు కరెంటు ఆదా: వీఎఫ్‌డీ కొనాలా, పంపులు నడిపే తీరు మార్చాలా?

రాయగడ కాలనీ కమిటీ
మాది రాయగడ దగ్గర పాత కాలనీ. ఇళ్ల మురుగంతా ఒక సంపులోకి చేరుతుంది. అక్కడి నుంచి రెండు 10 హెచ్‌పీ పంపులు ఆరంగుళాల పైపులో గుట్ట మీది శుద్ధి ప్లాంటుకు ఎక్కిస్తాయి. పొద్దున్న ఆపరేటరు రెండు పంపులూ ఆన్ చేసి, సంపు ఖాళీ అయ్యాక ఆపుతాడు. బిల్లు వచ్చినప్పుడల్లా కమిటీలో గొడవే. వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని తగ్గించి పెంచే పెట్టెలు) పెడితే సగం కరెంటు మిగులుతుందని ఒక వ్యాపారి కొటేషన్ ఇచ్చాడు. సగం మంది కొందామంటున్నారు, నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బరంపురం ఎలక్ట్రికల్
కొనండి అన్నా. వేగం 10 శాతం తగ్గితే పంపు తీసుకునే పవర్ 27 శాతం తగ్గుతుంది. ఇది నా కళ్లతో చూసిన సంగతి. నేను చూసే స్టేషన్ చదును నేల మీద ఉంది. ఎత్తు 3 మీటర్లే, పైపు పొడుగు కాబట్టి లోపలి రాపిడిని దాటడానికి మరో 9 మీటర్లు ఎత్తినంత బలం పోతుంది. నీటి ప్రవాహాన్ని సగం చేస్తే రాపిడి నాలుగో వంతుకు పడిపోయి, 12 మీటర్ల పని ఐదుంపావు మీటర్లతో అవుతుంది. పైగా మోటారు మెల్లగా అందుకుంటుంది, పైపుకు దెబ్బ తగలదు.

పర్లాకిమిడి పంపుల మేస్త్రీ
మీ స్టేషన్‌కు అది నిజమే బాబూ. ఆయనది గుట్ట. రాయగడ తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. ఎన్‌ఆర్‌వీ (నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) దాటాక ప్రెషర్ గేజి ఉంటుంది. పంపు ఆపి ఒకసారి, ఒక్క పంపు నడుపుతూ ఒకసారి రీడింగ్ రాసుకో. సంపులో నీటి మట్టం నుంచి గేజి దాకా ఎత్తు టేపుతో కొలువు. పంపు ఎంత ఎత్తుకు ఎంత నీరు తోస్తుందో చూపే కర్వ్ షీటు దానితోపాటే వచ్చి ఉంటుంది, బీరువాలో ఎక్కడో ఉంటుంది, దాన్నీ తియ్యి.

రాయగడ కాలనీ కమిటీ
కొలిచాం. ఆపినప్పుడు 1 కేజీ, నడిచేటప్పుడు 1.4 కేజీలు. గేజి దాకా 4 మీటర్లు. షీటులో వాల్వు మూసినప్పటి హెడ్, అంటే పంపు తోయగల ఎత్తు, 25 మీటర్లని ఉంది.

పర్లాకిమిడి పంపుల మేస్త్రీ
ఒక కేజీ ప్రెషర్ అంటే సుమారు 10 మీటర్ల నీటి ఎత్తు. గేజి దాకా ఉన్న 4 కలిపితే మీకు ఎత్తే 14 మీటర్లు, రాపిడి 4 మీటర్లు, మొత్తం 18. వేగం తగ్గిస్తే తగ్గేది ఆ నాలుగు మీటర్ల రాపిడే, గుట్ట ఎత్తు తగ్గదు కదా.

వీఎఫ్‌డీతో కరెంటును 50 హెర్ట్జ్ నుంచి 40కి దించి వేగం తగ్గిస్తే మీ పంపు గరిష్ఠంగా 16 మీటర్లే తోయగలదు. మీ షీటు ప్రకారం లెక్క వేస్తే నీరు 43 శాతానికి పడిపోతుంది. 37 హెర్ట్జ్ దగ్గర మోటారు తిరుగుతూనే ఉంటుంది, చుక్క నీరు పైకి పోదు. ఆ కరెంటంతా పంపు లోపలి నీటిని కలియబెట్టడానికే. ఇంకో చిక్కుంది. పైపులో నీరు సెకనుకు 0.6 మీటర్ల కన్నా నెమ్మదిస్తే మడ్డి అడుగున పేరుకుంటుంది, గుడ్డపీలికలు ఇంపెల్లర్‌కు (పంపులో తిరిగే చక్రానికి) చుట్టుకుంటాయి. మంచినీటి పంపుకు చెప్పే లెక్క మురుగుకు చెప్పకూడదు.

మీ అసలు నష్టం పొద్దున్న రెండు పంపులూ కలిపి నడపడంలో ఉంది. పైపు ఒక్కటే కాబట్టి రెండూ తిరిగినా రెట్టింపు నీరు రాదు, మీ లెక్కలో 38 శాతమే ఎక్కువ వస్తుంది. హెడ్ మాత్రం 18 నుంచి 21 మీటర్లు దాటుతుంది. ప్రతి వెయ్యి లీటర్లకూ ఐదో వంతు పని అదనం, అదంతా వృథా. ఒక పంపునే ఎక్కువసేపు నడపండి, రోజు మార్చి రోజు రెండోదాన్ని వాడండి. మట్టం బాగా పెరిగితేనే రెండోది తోడు రావాలి.

ఆన్, ఆఫ్ ఫ్లోట్లు (నీటి మట్టాన్ని బట్టి పంపును వేసి ఆపే తేలే స్విచ్‌లు) రెండింటినీ ఒక మీటరు పైకి జరపండి. సంపు నీరు ఎంత పైన ఉంటే ఎత్తిపోత అంత తక్కువ. మీకు మూడు నాలుగు శాతం మిగులుతుంది, ఖర్చు సున్నా. మురుగు సంపులో అరగంట కన్నా నిలవకూడదు, నిలిస్తే కుళ్లి గ్యాస్ పుడుతుంది. రోజుకొకసారి అడుగు దాకా తోడెయ్యండి.

మీటరు కూడా చూడండి. వెయ్యి లీటర్లను 10 మీటర్లు ఎత్తడానికి లెక్క ప్రకారం 0.027 యూనిట్లు చాలు, మీ 18 మీటర్లకు 0.049. దానికి రెట్టింపు కాలితే మురుగు పంపుకు సరేననుకోవచ్చు. మూడు రెట్లు కాలుతుంటే ఇంపెల్లర్ అరిగిందేమో విప్పి చూడాలి.

బరంపురం ఎలక్ట్రికల్
గురువుగారి లెక్కకు నేను ఎదురు చెప్పను, గుట్టకు వీఎఫ్‌డీ దండగే. మట్టం పెంచడం మాత్రం నాకు భయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే సంపులో మిగిలిన ఖాళీయే మనకు దక్కే సమయం. నాలుగు శాతం కోసం వీధిలోకి మురుగు పొంగనివ్వలేం.

పర్లాకిమిడి పంపుల మేస్త్రీ
ఒప్పుకుంటున్నాను. 2018లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఏం చేసిందో నేనూ చూశాను. వానాకాలం, తుఫాను నెలల్లో ఫ్లోట్లు కిందికి దించండి, చలికాలం, ఎండాకాలం పైకి జరపండి.

గుణుపురం ఆపరేటరు
నేను పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీ ఆపరేటరు రెండు పంపులూ ఎందుకు వేస్తున్నాడో కమిటీలో ఎవరైనా అడిగారా? సంపు పొంగితే తిట్లు పడేది అతనికి, బిల్లు ఎక్కువైతే కాదు. ఒక్క పంపుతో నడపమని నోటితో చెప్తే ఆ టెన్షన్‌తో ఎవరూ నడపరు. రెండో పంపు దానంతటది ఆన్ అయ్యేలా పై ఫ్లోట్ పెట్టండి, దాని పైన అలారం పెట్టండి. అప్పుడు అతనే ఒకటి ఆపుతాడు.

రాయగడ కాలనీ కమిటీ
అడగలేదు అన్నా, తప్పు మాదే. నిన్న సాయంత్రం అతన్ని కూర్చోబెట్టుకుని మాట్లాడాం, మీరు చెప్పిందే చెప్పాడు. కొటేషన్ పక్కన పెట్టాం. ఫ్లోట్లు, అలారం ఈ వారమే బిగిస్తున్నాం. రోజూ మీటరు రీడింగ్, ఏ పంపు ఎన్ని గంటలు నడిచిందీ అతనే పుస్తకంలో రాస్తానన్నాడు. నెల గడిచాక ఆ అంకెలు ఇక్కడ పెడతాను.