అమెలోజెనిన్ పీసీఆర్: మగ కంట్రోల్‌కీ ఒక్క బ్యాండే వస్తోంది

ప్రశ్న (గుంటూరు): పాత పళ్లు ఆడవారివా మగవారివా తెలుసుకోవడానికి వాటి డీఎన్ఏతో అమెలోజెనిన్ (ఎక్స్, వై క్రోమోజోములు రెండింటి మీదా ఉండే పంటి ఎనామెల్ జన్యువు) పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతి) పెడుతున్నాం. ఎక్స్‌కి 106, వైకి 112 బేస్ జతలు రావాలి. 2 శాతం అగరోజ్ జెల్‌లో (ముక్కల్ని పొడవును బట్టి విడదీసేది) మగ కంట్రోల్‌కి (మగవాడిదని ముందే తెలిసిన డీఎన్ఏ) కూడా ఒక్కటే బ్యాండ్ (గీత). ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) మార్చాలా?

జవాబు 1: ప్రైమర్లను ఏమీ అనకండి, తప్పు జెల్‌ది. తేడా 6 బేసులే, 2 శాతం అగరోజ్ దాన్ని విడదీయలేదు. 10 శాతం పాలీయాక్రిలమైడ్ జెల్ పోసి 100 వోల్టుల దగ్గర నిదానంగా నడపండి. మే నెల బెజవాడ ఎండలో వోల్టేజి పెంచారో, జెల్ నడుమ వేడెక్కి బ్యాండ్లు నవ్వు మూతిలా వంగుతాయి, మళ్లీ మొదటికే. మగ శాంపిల్‌లో పైన మూడో గీత కనిపిస్తే కంగారొద్దు. ఎక్స్ పోగు, వై పోగు జతకట్టిన హెటెరోడూప్లెక్స్ అది.

జవాబు 2: అగరోజే గతి అయితే ఎక్స్‌కి 977, వైకి 788 బేస్ జతలు ఇచ్చే ప్రైమర్లున్నాయి. కానీ ముక్కలైపోయిన పాత పంటి డీఎన్ఏలో అంత పొడవు దొరకదు.

జవాబు 3: అసలు చిక్కు తర్వాత ఉందండీ. ఎక్స్ ఒక్కటే వస్తే ఆడ అని రాసేయకండి. డీఎన్ఏ మరీ తక్కువైతే వై రాకపోవచ్చు. మన దేశంలో కొందరు మగవాళ్లకు వై మీది అమెలోజెనిన్ ముక్కే ఉండదు. ఎస్ఆర్‌వై (వై మీదే ఉండే మరో జన్యువు) కూడా పెట్టండి, ఒక్కో శాంపిల్ కనీసం రెండుసార్లు. బ్లాంక్‌లో (శాంపిల్ వేయకుండా నడిపే గొట్టం) వై కనిపిస్తే అది పంటిది కాదు, బయటినుంచి అంటినది, బెంచీ దగ్గర కూర్చున్న మగవాళ్లది కావచ్చు. ఆ బ్యాచ్ మొత్తం పారేయండి.

ప్రశ్న అడిగినవారు: అంటే బ్లాంక్ ఎక్స్‌ట్రాక్షన్ (పంటిని పొడి చేసి డీఎన్ఏ తీయడం) నుంచే పెట్టాలా?

జవాబు 3: అక్కడినుంచే. పీసీఆర్ దగ్గర మాత్రమే పెడితే పళ్లు పొడి చేసేటప్పుడు అంటినది పట్టుబడదు.