బాలి ప్రయాణం: ఉగాది రోజులకా, వేసవి సెలవులకా?

ప్రశ్న (కాకినాడ నుంచి)

నమస్కారం. 2026లో మా అమ్మానాన్నలతోనూ, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయితోనూ కలిసి బాలి ద్వీపానికి వారం పది రోజులు వెళ్లాలనుకుంటున్నాము. సముద్రతీరం ఎలాగూ చూస్తాము కాని, అక్కడివారి పండుగ ఒకటైనా కళ్లారా చూడాలన్నది నాన్నగారి కోరిక. బాలివారి కొత్త సంవత్సరమైన న్యేపి మార్చి 19న, సరిగ్గా మన ఉగాది నాడే వస్తోందని తెలిసి, ఆ రోజుకే అక్కడ ఉండాలని ఆయన పట్టుబడుతున్నారు. అమ్మాయికి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు ఉంటాయి. మార్చిలో ఒంటిపూట బడులే అయినా పరీక్షలు దగ్గరపడతాయి. అమ్మానాన్నలు శాకాహారులు. ఈ రెండు కాలాల్లో ఏది మేలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (హైదరాబాద్ నుంచి)

మీ నాన్నగారు చెప్పినది నిజమే. బాలివారు కూడా శక సంవత్సరాన్నే లెక్కిస్తారు కనుక ఆ రోజున అక్కడా ఇక్కడా శకం 1948 మొదలవుతుంది. అయితే పచ్చడి, పంచాంగ శ్రవణం, కొత్త బట్టలతో సాగే మన ఉగాదిలా న్యేపిని ఊహించుకోవద్దని మనవి. ఆ ఉదయం 6 గంటల నుంచి మర్నాడు ఉదయం 6 గంటల వరకు నిప్పు వెలిగించడం, పని చేయడం, ప్రయాణించడం, వినోదించడం నాలుగూ నిషిద్ధం. విమానాశ్రయాన్ని మూసివేస్తారు, రేవుల్లో ఓడలు కదలవు, మొబైల్ ఇంటర్నెట్‌ను కూడా నిలిపివేస్తారు. పెచలాంగ్ అనే గ్రామ రక్షకులు వీధుల్లో తిరుగుతూ ఎవరూ బయటికి రాకుండా, దీపాల వెలుగు వీధిలోకి పడకుండా చూస్తారు. ఆపదలో ఆసుపత్రికి వెళ్లేవారికి తప్ప ఎవరికీ, పర్యాటకులకు కూడా, మినహాయింపు లేదు.

చూడవలసిన సందడి అంతా దానికి ముందే ఉంటుంది. రెండు మూడు రోజుల ముందు మెలస్తి పేరిట ఊళ్లకు ఊళ్లు తెల్లని వస్త్రాలు ధరించి, గుళ్లలోని పవిత్ర వస్తువులను శుద్ధి కోసం సముద్రానికి ఊరేగింపుగా తీసుకువెళతాయి. ముందురోజు సాయంత్రం ఒగొహ్-ఒగొహ్‌లు వస్తాయి. పేటపేటలోని యువకులు వారాల తరబడి శ్రమించి తయారుచేసిన ఈ భూతాల బొమ్మలను వెదురు తడికల మీద భుజాలకెత్తుకుని, నాలుగు దారుల కూడలిలో గిరగిరా తిప్పుతారు. అందువల్ల మార్చి 14 నాటికే చేరుకుని, 21న గాని ఆ తర్వాత గాని తిరుగు ప్రయాణం పెట్టుకోండి. బస దెన్‌పసార్‌లోనో ఉబుద్‌లోనో, ఊరేగింపు దారికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉండాలి, ఎందుకంటే ఆ సాయంత్రం దారులు మూసేసి ఉంటాయి, కారు దొరికినా ముందుకు సాగదు.

జవాబు 2 (మెల్‌బోర్న్ నుంచి)

పై జవాబుకు ఒక చేర్పు. న్యేపి, ఉగాది ఏటా కలుస్తాయని అనుకోకండి. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి, 2024లో మాత్రం న్యేపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న జరిగాయి. మన పంచాంగం చూసి టికెట్లు కొంటే ఏదో ఒక ఏడు నెల తేడాతో చేరుకుంటారు.

బాలివారికి పవుకోన్ అనే మరో పంచాంగం ఉంది. దానికి చంద్రుడితో సంబంధం లేదు, 210 రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది. పెద్ద పండుగలు చాలావరకు దాని ప్రకారమే వస్తాయి. 2026లో సరస్వతీ పూజ ఏప్రిల్ 4న, ప్రతి ఇంటి ముందూ అలంకరించిన పొడవాటి వెదురు గడలు నిలిపే గలుంగన్ జూన్ 17న, కునింగన్ జూన్ 27న వస్తాయి. మీ అమ్మాయి సెలవులు సరిగ్గా ఈ తేదీల మధ్యనున్న ఖాళీలో పడ్డాయి! ఒక్క ఏడాది ఆగగలిగితే మాత్రం, 2027లో సరస్వతీ పూజ మే 29, శనివారం వస్తుంది. ఆ రోజు మనం దసరాలో చేసినట్టే పుస్తకాలకు పూజ చేసి, చదవడం రాయడం మానుకుంటారు. మర్నాడు తెల్లవారుజామున సముద్రంలోనో ఊటల్లోనో స్నానాలు చేస్తారు. చదువుకునే పిల్లకు న్యేపి కంటే ఇదే ఎక్కువ నచ్చుతుందని నా అభిప్రాయం.

జవాబు 3 (విజయవాడ నుంచి)

పెద్ద పండుగ లేనంత మాత్రాన మే నెలను కొట్టిపారేయనక్కరలేదు. సంప్రదాయం ప్రకారం అక్కడ ప్రతి ఊరికీ మూడు ప్రధాన ఆలయాలు ఉండాలి, ప్రతి ఆలయానికీ ఒడలాన్ అనే వార్షికోత్సవం ఉంటుంది, అదీ చాలా చోట్ల 210 రోజులకొకసారి. కాబట్టి ఏ వారం వెళ్లినా ఎక్కడో ఒకచోట గమెలాన్ అనే వాద్యబృందం మోగుతూనే ఉంటుంది. బస చేసిన ఇంటివారిని అడిగితే వారే చెబుతారు. నడుముకు లుంగీలాంటి సారంగ్, దానిపై పట్టీ కట్టుకుని, పూజ చేసేవారికి ముందు నిలబడకుండా ఉంటే చాలు. మార్చిలో వానలు ఇంకా పూర్తిగా తగ్గవు, మే నాటికి పొడి వాతావరణం వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి తడిసిన గుడి మెట్లు ఎక్కడం తేలిక కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. 2027 మే నెలకు అమ్మాయితో కలిసి అందరమూ వెళ్లవచ్చని నేనన్నాను గాని, ఆయన ఒగొహ్-ఒగొహ్‌లనే తలుచుకుంటున్నారు. అమ్మా ఆయనా నా తమ్ముడితో ఈ మార్చిలోనే వెళ్లేట్టున్నారు. అమ్మకున్న సందేహం ఒక్కటే: న్యేపి నాడు నిప్పే వెలిగించకపోతే భోజనం సంగతేమిటి?

జవాబు 1 (హైదరాబాద్ నుంచి)

హోటళ్లు తమ అతిథుల కోసం లోపల వంట చేస్తాయి, కాని ఆ రోజు బయటినుంచి ఏదీ తెప్పించుకోలేరు. చిన్న బసల్లో వంట ఉండకపోవచ్చు కనుక గది తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. శాకాహారమంటే మాంసం లేకపోవడమే అనుకుని రొయ్యల ముద్ద కలిపిన సంబల్ అనే కారపు పచ్చడి వడ్డిస్తారు, ఆ ముద్ద పేరు తెరాసి. అది వద్దని విడిగా చెప్పాలి. పండ్లు, అటుకులు, మన పొడులు 18వ తేదీ మధ్యాహ్నానికే గదిలో సిద్ధంగా ఉంచుకోమనండి, సాయంత్రానికి దుకాణాలు మూసేస్తారు.